మఫ్టీ పోలీసు వల, తమ్ముడి అప్పీలు

ప్రశ్న: కొనేవాడిలా నటించిన మఫ్టీ పోలీసు వారాల తరబడి బతిమాలితే, అంతవరకు ఏ కేసూ లేని మా తమ్ముడు మాదకద్రవ్యం తెచ్చిచ్చి శిక్షకు గురయ్యాడు. అప్పీలు నిలుస్తుందా?

జవాబు: అమ్మా, పోలీసు మారువేషంలో వచ్చాడన్న ఒక్క కారణంతో శిక్ష రద్దు కాదు; అడగగానే అమ్మాడా, లేక అతనిలో లేని ఉద్దేశాన్ని పోలీసులే పుట్టించారా అన్నదే కీలకం. నేరచరిత్ర లేని వ్యక్తిని ఇద్దరు మఫ్టీ పోలీసులు హెరాయిన్ కోసం పురికొల్పిన పోర్చుగల్ కేసులో, విచారణ న్యాయంగా జరగలేదని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1998లో తీర్పిచ్చింది. అయితే అన్ని దేశాలూ ఈ వాదనను ఒకే తీరుగా అంగీకరించవు. అప్పీలులో కొత్త సాక్ష్యం అరుదుగానే స్వీకరిస్తారు కాబట్టి, తమ్ముడు మొదట ‘వద్దు’ అన్న సందేశం ఏదైనా ఉంటే, అది విచారణలో రికార్డుకెక్కిందేమో ముందుగా చూడండి. గడువు తక్కువ, తీర్పు నకలుతో వెంటనే న్యాయవాదిని కలవండి.