మా వీధి బిహారీ కుటుంబాల కోసం మేమేం చేయగలం?

ప్రశ్న: బిహార్ నుంచి వచ్చిన వడ్రంగుల, రంగుల పనివారి కుటుంబాలు మా వీధిలో ఏళ్ల తరబడి అద్దెకుంటున్నాయి. కార్తీకంలో కృష్ణ ఒడ్డున ఛఠ్ పూజ చేసుకోవడానికి మా కాలనీ సంఘం నగరపాలక సంస్థకు వినతిపత్రం ఇవ్వాలని వారు కోరారు. పొరుగు రాష్ట్రంవారి కోసం మనకెందుకీ తాపత్రయమని కొందరు సభ్యులంటున్నారు. పిల్లల చదువు, రేషన్, ఓటు విషయాల్లోనూ వారికి సాయపడగలమా?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: వినతిపత్రం తప్పక ఇవ్వండి. దేశంలో ఎక్కడైనా స్థిరపడే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణం, తమ సంస్కృతిని కాపాడుకొనే హక్కును 29వ అధికరణం పౌరులందరికీ ఇచ్చాయి. మన నాగుల చవితి నాడే వారి వ్రతం మొదలవుతుంది. షష్ఠి సాయంత్రం నీటిలో నిలబడి, చేటలో పండ్లు, గోధుమపిండితో చేసిన ఠేకువాలు పట్టుకొని అస్తమించే సూర్యుడికి అర్ఘ్యమిస్తారు. మరునాడు ఉదయించే సూర్యుడికి అర్ఘ్యమిచ్చాకే, దాదాపు 36 గంటలు మంచినీళ్లయినా ముట్టకుండా చేసిన ఉపవాసం విడుస్తారు. నీరసించిన ఆడవాళ్లు తెల్లవారకముందే మెట్లు దిగాలి కనుక దీపాలు, నీటిలో అడ్డుకంచె, బట్టలు మార్చుకొనే గదులు కావాలని పత్రంలో విడివిడిగా రాయండి. ఏ ఘాటు అనుకూలమో మాత్రం వారే చెప్పాలి, మొదటి సంతకాలూ వారివే కావాలి. సంఘం పెద్దలే అన్నీ నిర్ణయించడం నాకు సమ్మతం కాదు.

వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యతను 2009 నాటి విద్యాహక్కు చట్టం స్థానిక సంస్థపైనే పెట్టింది. వయసు ధ్రువపత్రం లేదని బడివారు తిప్పి పంపకూడదు. బిహార్ రేషన్ కార్డుకు ఆధార్ అనుసంధానమై ఉంటే, ఇక్కడి చౌకధరల దుకాణంలోనే వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు.

చిక్కంతా ఓటు దగ్గరే. కరెంటు బిల్లు యజమాని పేరున ఉంటుంది, అద్దె ఒప్పందం నోటిమాటతో సరిపోతుంది, దాంతో ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న మనిషికి కూడా చిరునామా చూపే కాగితం ఉండదు. ఫారం-8 ద్వారా ఓటు ఇక్కడికి మార్చుకుంటే సొంతూరి జాబితాలో పేరు పోతుంది. అక్కడ పొలమో, తల్లిదండ్రులో ఉన్నవారికి అది చిన్న విషయం కాదు, కాబట్టి ఎవరూ ఒత్తిడి చేయకూడదు. మార్చుకోవాలని వారే నిశ్చయించుకుంటే, ఇల్లు అద్దెకిచ్చిన మీ సభ్యులు ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. బూత్ స్థాయి అధికారి విచారణకు వచ్చినప్పుడు, వీరు ఇక్కడే కాపురముంటున్నారని చెప్పాలి. అభ్యంతరం చెబుతున్నవారిలో అలాంటి యజమానులుంటే, ముందుగా మాట్లాడవలసింది వారితోనే.