ల్యాబు కాగితంలో నార్మల్, గర్భిణికి కాదు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయికి తొలి కాన్పు. ఎనిమిదో నెలలో బీపీ 170/110 వచ్చి, ముఖం, కాళ్లు ఉబ్బితే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మర్నాటికి మూత్రం బాగా తగ్గిపోయింది. క్రియాటినిన్ 3.2కి వెళ్తే రెండుసార్లు డయాలసిస్ చేశారు. నెల దాటింది, ఇప్పుడు 0.9. పాప బాగుంది. ఆపరేషన్‌కు పది రోజుల ముందు పరీక్షలో 1.0 ఉంటే ల్యాబువాళ్లు నార్మల్ అనే ఇచ్చారు. ఇంతలోనే ఎలా ముదిరింది? అల్లుడిది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. వాళ్లింట్లో ఇది ఆ కిడ్నీ జబ్బేనని, పాలివ్వొద్దని, రెండో కాన్పు వద్దని అంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ 1.0 దగ్గర ఆగిపోయానమ్మా. గర్భం వచ్చాక కిడ్నీల వడపోత దాదాపు సగం పెరుగుతుంది. అందుకే కిడ్నీలు వడకట్టి పంపే వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో తగ్గాలి, మామూలుగా 0.4 నుంచి 0.8 మధ్య ఉంటుంది. రిపోర్టులో పక్కన అచ్చువేసే హద్దులు గర్భిణులవి కావు. మూడో నెలలో 0.5 ఉన్న అమ్మాయికి ఎనిమిదో నెలలో 1.0 వచ్చిందంటే కిడ్నీ పని సగానికి పడిపోయినట్టు. మీ ఫైల్లో పాత రిపోర్టు ఉంటే తీసి చూడండి. గర్భంలో బీపీ పెరిగి కిడ్నీలాంటి అవయవాలను దెబ్బతీసే జబ్బును ప్రీఎక్లాంప్సియా అంటారు. బీపీతో పాటు క్రియాటినిన్ 1.1 దాటితే మేం దాన్ని తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా కిందే లెక్కేస్తాం. కాబట్టి మీ అమ్మాయికి అప్పటికే మొదలై ఉండొచ్చు.

ఈ జబ్బులో మాయ నుంచి రక్తంలోకి చేరే పదార్థాల వల్ల సన్న రక్తనాళాల లోపలి పొర ఉబ్బుతుంది. కిడ్నీలో దారి ఇరుకవుతుంది, ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. మాయ బయటపడ్డాకే తగ్గుముఖం పడుతుంది, అదీ వెంటనే కాదు. కాన్పైన మొదటి రెండు మూడు రోజుల్లో ఒక్కోసారి ఇంకా ముదురుతుంది. అందుకే మూత్రం సంచీని గంటగంటకూ చూస్తాం. గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే మాకు కంగారే. సరిగ్గా అప్పుడే బంధువులు ఫ్లాస్కుతో బార్లీ నీళ్లు తెచ్చి పట్టిస్తుంటారు. వాళ్లది ప్రేమే, కానీ ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెప్పిస్తుంది.

ఉద్దానం జబ్బు వేరు. అది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ముదురుతుంది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మీ అమ్మాయిది గర్భంతో వచ్చింది, కాన్పయ్యాక దిగింది. అంతకుముందే కిడ్నీలో లోపం ఏదైనా ఉందా అన్నది కాన్పై మూడు నెలలు నిండాక బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూస్తే తెలుస్తుంది. దయచేసి ఆ పరీక్షలు మానొద్దు. పాప పనిలో పడి చాలామంది తల్లులు ఇక్కడే ఆగిపోతారు, నాకు బాధ కలిగేది అందుకే. విశాఖ కేజీహెచ్‌లో నెఫ్రాలజీ (కిడ్నీ విభాగం) ఓపీ ఉంది, డిశ్చార్జి కాగితాలతో వెళ్లండి. అన్నీ బాగున్నా ఏటా ఒకసారి చూపించుకోవాలి. ఇలా బీపీ వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ.

పాలు నిక్షేపంగా ఇవ్వొచ్చు. బీపీ మందులు లాబెటలాల్, నిఫెడిపిన్, ఎనలాప్రిల్ వాడుతూ కూడా ఇవ్వొచ్చు. ఎనలాప్రిల్ మాత్రం మళ్లీ గర్భంలో పనికిరాదు, ముందే మార్పించుకోవాలి. కుట్లు నొప్పి అని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనకండి. పారాసిటమాల్ చాలు.

రెండో బిడ్డ వద్దని ఇప్పుడే ఎవరూ తీర్మానించక్కర్లేదు. పరీక్షలు బాగుండి, బీపీ అదుపులో ఉంటే ఆలోచించొచ్చు. మళ్లీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి గర్భం నిలిచిన మొదట్లోనే క్రియాటినిన్ చూపించుకోవాలి. 12వ వారం నుంచి, ఆలస్యమైనా 16 వారాల లోపు, డాక్టరు చెప్పిన తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలి. మూడు నెలల చెకప్‌కు అల్లుడుగారిని, వీలైతే వాళ్లమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఉద్దానం సంగతి వాళ్లే నెఫ్రాలజీ డాక్టర్ని అడిగి తెలుసుకుంటారు.