వైద్యులకు తలుపు తీయని సంరక్షకురాలు

ప్రశ్న: మేడమ్, ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ పోయాక ఆయన ఐదేళ్ల మునిమనవడు రాజయ్యాడని చదివాను. మధ్యలో కొడుకు, మనవడు ఏమైపోయారు? ఈ పసివాడొక్కడే ఎలా మిగిలాడు?
— ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: ఏడాది తిరగకుండా వరసగా పోయారమ్మా. కొడుకు 1711 ఏప్రిల్‌లో మశూచితో పోయాడు. 1712 ఫిబ్రవరిలో ఆ ఇంట్లో తట్టు వచ్చింది. 12న మనవడి భార్య, 18న మనవడు. వాళ్ల పిల్లలిద్దరికీ తట్టు పోసింది. ఐదేళ్ల పెద్దవాడికి రాజవైద్యులు నరం కోసి రక్తం తీశారు. అప్పట్లో జ్వరానికి అదే పెద్ద వైద్యం. మార్చి 8న ఆ బిడ్డా దక్కలేదు.

చిన్నవాడికి అప్పుడే రెండేళ్లు నిండాయి. వాడికీ రక్తం తీయాలంటే అడ్డుపడింది డచెస్ ఆఫ్ వెంటదూర్. రాజు పిల్లల సంరక్షకురాలి పదవి ఆమెది. బిడ్డను దగ్గర పెట్టుకుని తలుపు వేసుకుంది. వైద్యుల్ని గడప తొక్కనివ్వలేదు. బిడ్డ బతికాడు, 1715లో పదిహేనో లూయీ అయ్యాడు.

ఆమెను ఆయా అంటే నేను ఒప్పుకోను. రాజు ముందు ప్రమాణం చేసి చేపట్టే పదవి అది. మగపిల్లలు ఏడేళ్లు వచ్చేదాకా ఆమె చేతిలోనే ఉండాలి. మా పొదిలిలో తట్టు వస్తే పెద్దమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు. ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. వెర్సై రాజభవనంలో రాజవైద్యుల ముందు ఒక ఆడమనిషి మాట చెల్లాలంటే మాత్రం బిడ్డ మీద ప్రేమ ఒక్కటే సరిపోదు, చేతిలో పదవి ఉండాలి.

ఇది చదివి పిల్లల డాక్టరును పక్కన పెట్టకండి. ఆ వైద్యం వేరు, ఇప్పటిది వేరు. తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఇంకొకటి తట్టు టీకా తప్పక వేయించండి.

1717లో ఏడేళ్లు నిండగానే ఆచారం ప్రకారం బాలరాజును మగవాళ్ల పెంపకంలోకి మార్చారు. అయినా డచెస్‌ను 'అమ్మ' అనే పిలిచేవాడు. తనకు పిల్లలు పుట్టాక వాళ్లనీ ఆమె చేతిలోనే పెట్టాడు. 1735లో ఆ పదవి ఆమె మనవరాలికి వచ్చింది. డచెస్‌కు ముందు ఆ పదవి చేసిందీ డచెస్ తల్లే.