పుల్లలు, పట్టీలు, బల్బులు: తరగతిలో చేయించే పనుల గురించి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మూడో తరగతి పిల్లలకి చేతులతో చేయిస్తూ పాఠం చెప్పడం ఎలాగో రాయమన్నావు. కృత్యాల జాబితాలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, ఇంకోటి నేను రాయక్కర్లేదు. ఏ పని ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో ఆ జాబితాల్లో ఉండదు కాబట్టి అది రాస్తాను.

సామాను సంగతి తర్వాత. ఈ పని అయ్యాక పిల్ల తన నోటితో ఏం చెప్పగలగాలో ముందు ఒక్క వాక్యంలో రాసుకో. "పది విడిపుల్లలు కడితే ఒక కట్ట, కట్ట విప్పితే మళ్ళీ పది" అన్నంత చిన్నగా ఉండాలి. ఆ వాక్యం రాయడం కుదరకపోతే ఆ రోజు ఆ పని పెట్టకు. గంటసేపు రంగు కాగితాలు చక్కగా అతికించి, ఎందుకతికించారంటే బిక్కమొహం వేసే తరగతులు బోలెడు.

నలభై నిమిషాల పీరియడనుకో. మొదటి ఐదు నిమిషాలు సామానుతో ఊరికే ఆడుకోనివ్వు. కొత్త వస్తువు చేతికొస్తే పిల్లలు ఆడి తీరతారు. నువ్వు సమయమివ్వకపోతే నువ్వు మాట్లాడేటప్పుడు ఆడతారు. తర్వాత సామాను బల్ల మధ్యకి నెట్టించి, "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడిగి ఎవరి జవాబు వాళ్ళచేత రాయించు, లేదా బొమ్మ గీయించు. దానికో ఐదు నిమిషాలు. పదిహేను నిమిషాలు పని, పది నిమిషాలు మాటలు, ఐదు నిమిషాలు సర్దడం. కోత ఎప్పుడూ ఆ మాటల పది నిమిషాలకే పడుతుంది. "ఇంకొంచెమే టీచర్" అంటారు, నువ్వు మెత్తబడతావు, గంట మోగుతుంది. పని సగంలో ఉన్నా సరే, మొదలెట్టిన పదిహేనో నిమిషానికి ఆపేయి. సగం చేసిన పని మీద కూడా బ్రహ్మాండంగా మాట్లాడుకోవచ్చు.

చెప్పాల్సినదంతా సామాను పంచకముందే చెప్పు. పంచాక నీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. గుంపుకి ముగ్గురు చాలు; నలుగురైతే రెండు జంటలుగా కూర్చోబెట్టు. ఐదుగురైతే ఇద్దరు చేస్తారు, ఒకరు చూస్తారు, మిగతా ఇద్దరు కిటికీలోంచి బయటికి చూస్తారు. పట్టుకునేవాళ్ళు, చేసేవాళ్ళు, రాసేవాళ్ళు అని పంచి, పని పనికీ మార్చు. దస్తూరి బాగున్న పిల్లకే ప్రతిసారీ పెన్సిలిస్తే ఆ పిల్ల ఏడాది పొడుగునా ఒక్క వస్తువూ ముట్టుకోదు.

ఇక పుల్లలు. స్థానవిలువలకి ఇంతకంటే మంచి సామాను లేదని నా అభిప్రాయం. గుంపుకి 120 పుల్లలు, 15 రబ్బరు బ్యాండ్లు. సన్న బ్యాండ్లు చిన్నవేళ్ళకి లొంగవు, తెగి కళ్ళకి తగులుతాయి కూడా. కాస్త వెడల్పువి తీసుకో. కట్టలు నువ్వు ముందే కట్టి తీసుకెళ్ళకు. సమయం కలిసొస్తుందనిపిస్తుంది గానీ, పాఠమంతా ఆ కట్టడంలోనే ఉంది. తను లెక్కపెట్టి కట్టని కట్ట పిల్ల కంటికి ఒక లావుపాటి పుల్లలా కనిపిస్తుంది. అందుకే మూడు కట్టలూ నాలుగు విడిపుల్లలూ చూపిస్తే "ఏడు" అంటుంది. అలా అన్నప్పుడు "తప్పు" అనకు. ఒక కట్ట విప్పి లెక్కపెట్టమను, మళ్ళీ కట్టమను, మళ్ళీ అడుగు.

తీసివేత దగ్గర ఒక చిక్కు ఉంది, కొత్తవాళ్ళందరూ అందులో పడతారు. 42లోంచి 17 తీయమంటే పిల్లలు 42 పుల్లలు పేర్చి, పక్కన ఇంకో 17 కూడా పేరుస్తారు. కూడికలో రెండు కుప్పలూ పేర్చిన అలవాటు అది. ఆ తర్వాత దేంట్లోంచి ఏం తీయాలో తెలియక రెండూ కలిపేస్తారు. బల్ల మీద 42 ఒక్కటే ఉండాలి; 17 చీటీ మీద అంకెల్లో ఉండాలి. నాలుగు కట్టలు, రెండు విడివి. ఏడు విడివి కావాలి, రెండే ఉన్నాయి. ఏం చేద్దామని అడిగి ఊరుకో. కనీసం పది లెక్కపెట్టేంత సేపు నువ్వు మాట్లాడకు. ఎవరో ఒకరు కట్ట మీద చెయ్యేస్తారు. విప్పితే మూడు కట్టలు, పన్నెండు విడివి. ఏడు తీస్తే ఐదు, ఒక కట్ట తీస్తే రెండు కట్టలు. 25.

పలక మీద మాత్రమే చేసే పిల్లలు ఇదే లెక్కకి 35 వేస్తారు, 2లోంచి 7 పోదు కాబట్టి తిప్పి 7లోంచి 2 తీసేసి. పుల్లలతో ఆ తప్పు జరగడానికి వీల్లేదు, ఎందుకంటే బల్ల మీద ఉన్నవి రెండు పుల్లలే. అన్నట్టు, "పక్కింటినుంచి అప్పు తెచ్చుకోవడం" అనే మాట వాడకపోతే మంచిది. అప్పంటే తిరిగివ్వాలి, ఇక్కడ తిరిగిచ్చేదేమీ లేదు. "కట్ట విప్పాను" అననివ్వు, జరిగింది అదే.

కట్ట విప్పిన క్షణంలోనే 4ని కొట్టేసి 3, 2 స్థానంలో 12 రాయించు. పుల్లలన్నీ అయ్యాక అంకెలు రాద్దామంటే పుల్లల లెక్క ఒకటి, పలక లెక్క ఒకటి అయిపోతాయి. చాలామంది పిల్లలకి ఆ రెండూ ఒకటేనని తెలియదు. కొన్నాళ్ళకి పుల్లల బదులు కట్టకి నిలువుగీత, విడిపుల్లకి చుక్క గీయించు. ఆ తర్వాత వట్టి అంకెలు. చేత్తో చేయడం, బొమ్మలో చూడడం, గుర్తుల్లో రాయడం అనే ఈ మూడు మెట్లని అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లోనే వివరించాడు. మధ్య మెట్టు ఎగరగొట్టి పుల్లల్నుంచి నేరుగా అంకెల్లోకి దూకించడం వల్లే సగం తంటాలు. పుల్లలు ఎప్పుడు మానాలంటావా? ముట్టుకోకుండానే "ఇక్కడ కట్ట విప్పాలి" అన్నప్పుడు. ఆ రోజు అందరికీ ఒకేసారి రాదు. పెట్టె బల్ల మీదే ఉంచు, కావలసినవాళ్ళు తీసుకుంటారు.

మన భాష వల్ల వచ్చే చిక్కు కూడా ఒకటుంది. పదకొండులో పది వినిపిస్తుంది, పన్నెండులో దాక్కుంటుంది. "మూడు వందల ఐదు" విన్నది విన్నట్టే రాసి 3005 అంటారు. మూడు గుంపుల పుల్లలు కలిపి, వందేసి పుల్లల కట్టలు మూడు, పదుల చోటు ఖాళీ, విడివి ఐదు పేర్చి, ఆ ఖాళీ చోట సున్నా చీటీ పెట్టించు. సున్నా ఎందుకు రాస్తామో చూపించడానికి ఆ ఖాళీ జాగానే సాక్ష్యం.

భిన్నాలకి కాగితం పట్టీలు. ఏ4 కాగితం 29.7 సెంటీమీటర్లు పొడవు, 21 వెడల్పు. పొడవుని 24కి కత్తిరించి, వెడల్పుని 3 సెంటీమీటర్ల చొప్పున కోస్తే ఏడు పట్టీలు వస్తాయి. పిల్లకి ఒక కాగితం: ఒకటి మొత్తానికి, మిగతావి అర, పావు, ఎనిమిదో వంతు, మూడో వంతు, ఆరో వంతు, ఏడోది పాడైపోతే వాడుకోవడానికి. 24 అని ఎందుకంటే అది 2, 3, 4, 6, 8 అన్నిటికీ తెగుతుంది. పట్టీలన్నీ ఒకే పొడవు ఉండాలి, ఇందులో రాజీ లేదు. ఒక మిల్లీమీటరు ఫరవాలేదు గానీ, పిల్లలే కోసుకున్న ఎగుడుదిగుడు పట్టీలతో పోలిస్తే ఒకరి పావు ఇంకొకరి మూడో వంతంత అవుతుంది. కోత నువ్వు కోయి, మడత వాళ్ళు మడుస్తారు.

అర, పావు, ఎనిమిదో వంతు మడిచి మడిచి వచ్చేస్తాయి. మూడో వంతు రాదు. రెండు మడతలు వేసి మూడొచ్చాయనుకుని విప్పి చూస్తే నాలుగుంటాయి; ఆ ఆశ్చర్యాన్ని కాసేపు నడవనిచ్చి, తర్వాత 8 దగ్గర, 16 దగ్గర గుర్తు పెట్టి మడవమను. ఆరో వంతు కావాలంటే మూడో వంతుని సగానికి మడిస్తే సరి. ఏ ముక్క దేనిదో ముక్క మీద రాశాకే కత్తెర పట్టనివ్వు, లేకపోతే గుంపులో ముక్కలన్నీ కలిసిపోయి పీరియడంతా వెతుకులాటే. ఇప్పుడు "ఎనిమిదో వంతు పెద్దదా, మూడో వంతు పెద్దదా?" అని అడుగు. ఎనిమిది పెద్దది కాబట్టి ఎనిమిదో వంతే పెద్దదనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. పక్కపక్కన పెట్టి చూసి, ఎందుకలా అయిందో వాళ్ళనే చెప్పమను. "ఎక్కువమందికి పంచాం కదా టీచర్" అనే జవాబు నీ నోటి నుంచి కాక వాళ్ళ నోటి నుంచి వచ్చేదాకా ఆగు.

కొలతలకి ఒక చిన్న చిట్కా. 3 నుంచి మొదలై 10 దగ్గర ఆగే కాగితం స్కేలు చేసి, 3 నుంచి 9 దాకా వచ్చే పెన్సిలు కొలవమను. కొందరు 9 అంటారు, చివరి అంకె చదివి. కొందరు 7 అంటారు, గీతలు లెక్కపెట్టి. జవాబు 6, లెక్కపెట్టాల్సింది గీతల మధ్య జాగాలని. పది నిమిషాల పని, తరగతిలో ఎవరికి కొలత అర్థమైందో తేటతెల్లమవుతుంది.

విద్యుత్తుకి వద్దాం. గుంపుకి 1.5 వోల్టుల సెల్ ఒకటి, 2.5 వోల్టుల టార్చి బల్బు ఒకటి, 15 సెంటీమీటర్ల వైరు ఒక్కటంటే ఒక్కటే, రెండు కొసలా 2 సెంటీమీటర్లు తొడుగు తీసి. బల్బు మసగ్గా వెలుగుతుంది, ఆ మాట ముందే చెప్పు. హోల్డరు ఇవ్వకు. హోల్డరులో పెడితే బల్బుకి రెండు కొసలున్నాయన్న సంగతే పిల్లలకి కనిపించదు. ముందు బొమ్మ గీయించు: ఏది దేనికి తగిలిస్తే వెలుగుతుంది? చాలా బొమ్మల్లో సెల్ పైకొస నుంచి బల్బు కిందికి ఒకే దారి ఉంటుంది, కుళాయి నుంచి బిందెలోకి నీళ్ళు పోసినట్టు. అలా పెడితే వెలగదు. బల్బు అడుగు బొడిపెని సెల్ పైకొస మీద ఆనించి, వైరు ఒక కొస సెల్ అడుక్కి, రెండో కొస బల్బు పక్కనున్న మర (స్క్రూ) చుట్ల లోహానికి తగిలిస్తేనే వెలుగుతుంది. వెలిగిన గుంపుని పక్కవాళ్ళకి చూపించనివ్వకు. మళ్ళీ బొమ్మ గీయమను, ఈసారి దారి ఎక్కడ మొదలై ఎక్కడికి తిరిగొచ్చిందో వేలితో చూపించమను.

వెతుకులాటలో ఎవరో ఒకరు వైరు రెండు కొసలూ సెల్‌కే అంటిస్తారు. వైరు చురుక్కుమంటుంది, సెల్ కూడా వేడెక్కుతుంది. అందుకే "వేడిగా అనిపిస్తే వెంటనే వదిలెయ్" అన్న నియమం సెల్ పంచకముందే అందరిచేతా ఒకసారి అనిపించు. బల్బు వెలగకపోతే తప్పు పిల్లలదే కానక్కర్లేదు. ఎనామిల్ పూతున్న రాగితీగైతే కొసలు గీకాలి, పూతలోంచి కరెంటు పోదు. ముందురోజే ప్రతి బల్బూ ప్రతి సెల్లూ నువ్వు పరీక్షించి, ఐదింటికి ఒకటి చొప్పున అదనంగా ఉంచుకో. టార్చి బల్బుకి బదులు ఎల్‌ఈడీ ఇస్తే తిప్పలే: ఎర్రదానికి కూడా రెండు వోల్టుల దాకా కావాలి, ఒక్క సెల్ చాలదు, పైగా తిప్పి పెడితే వెలగదు. బొత్తాం సెల్లులు తరగతిలోకి రానేకూడదు, మింగితే ఆహారనాళాన్ని గంటల్లో కాల్చేస్తాయి. చిన్న చిన్న బలమైన అయస్కాంతాలూ అంతే. రెండు మింగితే పేగుల్ని మధ్యలో ఇరికించి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గోడలోని కరెంటుతో, చూపించడానికైనా సరే, ఏదీ చేయకు.

తేలడం, మునగడం పాఠానికి కృత్యాల జాబితాల్లో చెప్పే రకరకాల వస్తువుల కంటే 50 గ్రాముల మోడలింగ్ క్లే ముద్ద మేలు. మామూలు మట్టి వద్దు, నీళ్ళలో కరుగుతుంది. ముద్దగా వేస్తే మునుగుతుంది, అదే ముద్దని రెండు సెంటీమీటర్ల గోడలున్న గిన్నెలా చేస్తే తేలుతుంది. "బరువున్నవి మునుగుతాయి" అన్న పిల్లచేత రెండుసార్లూ త్రాసులో తూయించు, చాలు. ఆరేడు సెంటీమీటర్ల లోతు నీళ్ళు సరిపోతాయి. అంతకంటే పోస్తే తుడుచుకోవడమే పాఠమవుతుంది.

గింజల మొలక ఓపిక పాఠం. నాలుగు గ్లాసులు, ఒక్కోదానిలో ఐదేసి చిక్కుడు గింజలు, రాత్రంతా నానబెట్టినవి. నీళ్ళివ్వని గ్లాసుకి మాత్రం పొడివి. తడిదూది వెలుతురులో, తడిదూది చీకట్లో, పొడిదూది, గింజలు పూర్తిగా మునిగేలా నీళ్ళు. చీకట్లోవి కూడా మొలుస్తాయి, పిల్లలు నమ్మరు. మునిగినవి గాలాడక సాధారణంగా కుళ్ళుతాయి. ఒక్క గింజే వేస్తే అది పుచ్చుదైనప్పుడు పాఠం తలకిందులవుతుంది, అందుకే ఐదు. విత్తడానికి అమ్మే గింజలకి మందు పూసి ఉండొచ్చు, తినడానికి అమ్మేవే తీసుకో. పచ్చివి నోట్లో పెట్టుకోనివ్వకు. బూజు పట్టిన గ్లాసు మూతపెట్టి దూరం నుంచే చూపించు.

సర్దడం కూడా పిల్లల పనే. డబ్బా మూత లోపల "120 పుల్లలు, 15 బ్యాండ్లు" అని రాసి అంటించు. లెక్క సరిపోయిన గుంపే ముందు బయటికెళ్తుంది. సెల్లులూ వైర్లూ ఒకే డబ్బాలో వేయకు. డబ్బాలో వాటికవే అంటుకుని, మళ్ళీ వారం నువ్వు తీసేసరికి సెల్లులన్నీ చచ్చి ఉంటాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ