పాత టీవీలు, కంప్యూటర్ల వైర్లలో రాగిని ఎలా గుర్తుపట్టాలి? గ్రేడ్లు ఎలా వేరు చేయాలి?

మీ నాన్నగారి టీవీ రిపేరు షాపు ఖాళీ చేస్తుంటే మూటల కొద్దీ పాత వైర్లు, కాయిల్స్, ట్రాన్స్‌ఫార్మర్లు బయటపడ్డాయనీ, వీధిలోకి వచ్చే పాతసామాన్లతను అన్నిటికీ కలిపి ఒకే రేటు చెప్తున్నాడనీ రాశారు. అలా ఇవ్వకండి. కలిపి ఇస్తే మొత్తం మూటకి అందులో ఉన్న అధ్వాన్నపు సరుకు రేటే పడుతుంది. నేను హైదరాబాద్ బాలానగర్‌లో మోటార్ల వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టే) పని చేస్తాను. తీసేసిన పాత వైండింగును భోలక్‌పూర్ వైపు పాతసామాన్ల గోదాములకు వేస్తుంటాను కాబట్టి, కాటా దగ్గర ఏం చూస్తారో తెలిసి చెప్తున్నాను.

ముందు అది రాగేనా అన్నది తేల్చుకోవాలి. జేబులో ఒక అయస్కాంతం పెట్టుకోండి. కేబుల్ టీవీ వైరు మధ్య తీగ చాలాసార్లు ఇనుము మీద రాగి పూత వేసినదే. అయస్కాంతానికి అంటుకుంటే పక్కన పడేయండి. అంటుకోనంత మాత్రాన రాగి అని కాదు, అల్యూమినియం కూడా అంటుకోదు. చవక లాన్ కేబుళ్లలో, స్పీకర్ వైర్లలో అల్యూమినియం మీద రాగి పూత వేసి అమ్మినవి బోలెడు. పైకి అచ్చం రాగిలాగే ఉంటాయి. పోగును బ్లేడుతో గట్టిగా గీకండి, లేదా ఏటవాలుగా కోసి ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి కాదు. చేతిలో బరువే చెప్పేస్తుంది కూడా: రాగి ఘనసెంటీమీటరుకి 8.96 గ్రాములు, అల్యూమినియం 2.7 మాత్రమే.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది, అందులో నష్టపోయేవాళ్లే ఎక్కువ. పైన తెల్లగా ఉందని అల్యూమినియం అనుకుని అగ్గువకు ఇచ్చేస్తారు. పాత రబ్బరు వైర్లలో రబ్బరులోని గంధకం రాగిని తినేయకుండా తగరం పూత వేసేవారు. గీకితే లోపల ఎర్రగా ఉంటుంది. కంప్యూటర్ లోపలి వైర్లలోనూ ఇలాంటివి దొరుకుతాయి. ఇది రాగే, కాకపోతే తగరం వల్ల ఒక మెట్టు కిందికి పోతుంది.

ఇక గ్రేడ్లు. అన్నిటికన్నా పైది మిల్‌బెర్రీ: పైనున్న ప్లాస్టిక్ తోలు ఒలిచిన, మెరిసే, లావు తీగ. తగరం, ఇనామిల్ (వైండింగ్ తీగ మీద ఉండే వార్నిష్ లాంటి పూత), కాలిన మచ్చ ఏదీ ఉండకూడదు. అంతర్జాతీయ వ్యాపారంలో దీన్ని ‘బార్లీ’ అంటారు, పోగు 16 గేజ్ (తీగ లావు కొలత) కన్నా సన్నగా ఉండకూడదని నిబంధన. దాని తర్వాత ‘బెర్రీ’, శుభ్రమైన రాగే కానీ అంత మెరుపు లేనిది. దానికి కింద ‘బిర్చ్’, సగటున 96 శాతం రాగి ఉండాలి, 94 కన్నా తగ్గకూడదు. వైండింగ్ వైరు ఈ కోవలోకే వస్తుంది, మన దగ్గర దాన్ని ఆర్మేచర్ అని తూస్తారు. మీ షాపు సరుకులో ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్లను అలాగే ఇస్తే ఇనుముకు దగ్గరి రేటు పలుకుతుంది, ఎందుకంటే బరువంతా లోపలి ఇనుప పట్టీలదే. వైండింగును ఒకవైపు ఉలితో తెగ్గొట్టి రెండో వైపు నుంచి లాగేస్తే రాగి విడిగా వస్తుంది. కాగితం, టేపు ముక్కలు ఏరేయండి, అవి ఉంటే తరుగు తీస్తారు. పిక్చర్ ట్యూబు మెడ దగ్గరుండే యోక్ అనే కాయిల్‌లో మంచి రాగి ఉంటుంది. ట్యూబు చుట్టూ నల్ల టేపు చుట్టిన డీగాసింగ్ కాయిల్‌ను మాత్రం గీకి చూడకుండా నమ్మకండి, తర్వాతి కాలం టీవీల్లో అల్యూమినియంవి వచ్చాయి. చవక స్టెబిలైజర్లూ అంతే. ఇనామిల్ రంగు ఎర్రగా ఉండి లోపల తెల్ల తీగ ఉంటుంది. పిక్చర్ ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ముట్టుకోవద్దు. రెసిన్‌లో పోతపోసిన దాన్ని పగలగొట్టే శ్రమకు గిట్టదు.

తోలు ఒలవాలా వద్దా అంటే, లెక్క చూసుకోండి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీటరుకి 9 గ్రాములు. 90 మీటర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు చుట్టలో 1.2 కిలోల రాగి ఉన్నట్టు. మీ వైరు మీటరు ముక్క తూచి, తోలు తీసి మళ్లీ తూచండి, శాతం తెలిసిపోతుంది. లావు వైర్లకు ఒలవడం కచ్చితంగా లాభం. ఛార్జర్ వైర్లు, రిబ్బన్ కేబుళ్లు మాత్రం తోలుతోనే వేయండి, గంటల తరబడి కూర్చున్నా గుప్పెడు రాదు.

ఎవరు చెప్పినా కాల్చొద్దు. వైరు తోలులోని పీవీసీ ప్లాస్టిక్ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు, డయాక్సిన్లనే విష పదార్థాలు వస్తాయి, రాగి ఉండటం వల్ల డయాక్సిన్లు ఇంకా ఎక్కువ పుడతాయి. ఆ పొగ పీల్చేది మీరూ, మీ పక్కింటి పిల్లలూ. పైగా కాలిన తీగ నల్లబడి పెళుసెక్కి మొదటి రకం కాస్తా రెండో రకమైపోతుంది. అంటే చేతులారా రేటు పోగొట్టుకున్నట్టే.

అమ్మే రోజు పొద్దున్నే రెండు మూడు గోదాములకు ఫోన్ చేసి ఆర్మేచర్ ఎంత, మిల్‌బెర్రీ ఎంత అని పేరు పెట్టి విడివిడిగా అడగండి. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్, ఎంసీఎక్స్ (మన దేశపు కమోడిటీ ఎక్స్ఛేంజ్) కదలికతో ఈ రేట్లు రోజూ మారతాయి. ఇంట్లో ఒకసారి తూచి రాసుకుని వెళ్లండి, ఏ సంచికి ఆ సంచి విడిగా కాటా వేయించండి.

పిక్చర్ ట్యూబులు పగలగొట్టకండి, ఆ గాజులో సీసం ఉంటుంది. సర్క్యూట్ బోర్డులతో కలిపి వాటిని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి. ఏ కాయిల్ మీదైనా అనుమానముంటే గీకిన చోటును దగ్గరగా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.