పెళ్లిలోపు ఎనిమిది వెనీర్లు వేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. పై పళ్లు పసుపుగా ఉంటాయి, ముందు రెండింటి మధ్య చిన్న సందుంది. మూడు నెలల్లో పెళ్లి. ఎనిమిది పళ్లకు వెనీర్లు (పంటి ముందు వైపు అతికించే పలుచని పొరలు) వేయించుకోమన్నారు. నిద్రలో పళ్లు కొరుకుతానని అమ్మ అంటుంది. వేయించుకోవచ్చా?

జవాబు: అప్పుడే ఒప్పుకోకండమ్మా. పింగాణీ వెనీర్ కోసం పంటి ముందు భాగాన్ని సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల వరకు అరగదీస్తారు. పోయిన ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) మళ్లీ రాదు. వెనీర్లను 10-15 ఏళ్లకు మార్చాల్సి రావచ్చు కూడా. మీ వయసుకు అలా ఎన్నిసార్లు మార్చాలో లెక్కేసుకోండి.

ముందు గార తీయించి, చిగుళ్లు బాగుచేయించుకోండి. తర్వాత డాక్టర్ మీ పళ్ల కొలతకు చేసిచ్చే ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసి, రెండు వారాలు రాత్రిళ్లు పెట్టుకుంటే చాలా వరకు పసుపు తగ్గుతుంది. ఆపైన మరో రెండు వారాలు ఆగాలి. ఈలోపు పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల ఏది అంటించినా సరిగా పట్టదు, రంగు కుదురుకునేదీ ఆ రెండు వారాల తర్వాతే. తర్వాత ముందు రెండు పళ్లకే కాంపోజిట్ (పంటి రంగులో ఉండే పూత పదార్థం) పెట్టి సందు మూసేయొచ్చు. దాదాపు అరగదీసే పనే ఉండదు. మూడు నెలలు బాగా సరిపోతాయి.

ఫ్లోరైడ్ మచ్చలో, చిన్నప్పుడు వాడిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు వల్ల వచ్చిన బూడిదరంగో అయితే జెల్‌కు అంతగా లొంగవు. అప్పుడు వెనీర్లు అవసరం కావచ్చు. రంగు ఎంపిక పగటి వెలుతురులో, నోరు తెరిచిన వెంటనే చేయాలి. ఆరిన పళ్లు ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తాయి. వెనీర్ కోసం ఎనామిల్ దాటి, దాని కిందుండే డెంటిన్ పొర దాకా అరగదీస్తే పట్టు తగ్గుతుంది, చల్లనీళ్లకు జివ్వుమంటుంది. అంటించేటప్పుడు చిగురు నుంచి రక్తమో, లాలాజలమో తగిలితే అంచుల్లో గీత కనిపించి, చివరికి వెనీర్ ఊడిపోవచ్చు. చిగుళ్లు ముందు నయం కావాలన్నది అందుకే.

పళ్లు కొరికే అలవాటు ఉంటే నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే రక్షణ తొడుగు) తప్పనిసరి. అది లేకుండా ఏది వేయించుకున్నా పెచ్చులూడొచ్చు.

మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, రోజూ ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) చాలు. బొగ్గు పొడి, పళ్లపొడి వద్దు. బీచ్‌రోడ్డులో మొక్కజొన్న పొత్తు కొంటే గింజలు ఒలుచుకుని తినండి. పీత డెక్కలు, చెరకు ముందు పళ్లతో కొరకొద్దు. కాంపోజిట్‌కు టీ, పసుపు మరకలు పడతాయి, అప్పుడప్పుడు పాలిష్ చేయించాలి. వెనీర్ ఊడితే చిన్న డబ్బాలో పెట్టి వెంటనే డాక్టర్‌కు చూపించండి. విరగకపోతే చాలాసార్లు దాన్నే అంటిస్తారు. ఇంట్లో ఫెవిక్విక్ మాత్రం పూయొద్దు, ఆ జిగురు గోకి తీసేటప్పుడే వెనీర్ పగిలిపోవచ్చు.