టోటల్ ప్రొటీన్ నార్మల్.. మరి పాదాల వాపు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా షుగర్ ఉంది. నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి పాదాలు వాస్తున్నాయి. నీరసంగానూ ఉంటోంది. రక్తపరీక్షలో టోటల్ ప్రొటీన్ 7.4, ఆల్బుమిన్ 2.9, గ్లోబ్యులిన్ 4.5, ఏ/జి రేషియో 0.64 వచ్చాయి. టోటల్ నార్మలే కదా అంటున్నారు ఇంట్లోవాళ్లు. తెలిసినవాళ్లు ప్రొటీన్ పౌడర్ తాగమంటున్నారు. తాగొచ్చా?

జవాబు: పౌడర్ ఇప్పుడే మొదలుపెట్టకండి. టోటల్ ప్రొటీన్ 6.0–8.3 గ్రాముల మధ్య ఉంటే ల్యాబ్‌లు నార్మల్ అంటాయి. కానీ అది ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ కలిపిన మొత్తం. మీకు 3.5 పైన ఉండాల్సిన ఆల్బుమిన్ తగ్గింది, దాదాపు 3.5 లోపు ఉండాల్సిన గ్లోబ్యులిన్ పెరిగింది. ఒకదాని లోటును రెండోది పూడ్చడంతో మొత్తం మామూలుగా కనిపిస్తోంది. ఏ/జి రేషియో (ఆల్బుమిన్‌ను గ్లోబ్యులిన్‌తో భాగిస్తే వచ్చేది) 1 కంటే తగ్గడమే ఇక్కడ అసలు సూచన.

ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయం. తిండి సరిపోకా తగ్గొచ్చు గానీ, పదేళ్ల షుగర్ ఉన్నవారిలో ముందు అనుమానించాల్సింది మూత్రంలో పోవడాన్ని. ఉదయం మొదటి మూత్రంతో ఆల్బుమిన్–క్రియాటినిన్ రేషియో చేయించండి. 30 లోపుంటే మంచిదే. 300 దాటితే కిడ్నీ దెబ్బతిన్నట్టే భావించి వెంటనే నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) కలవాలి. మూత్రంలో మంట, జ్వరం ఉన్న రోజుల్లో శాంపిల్ ఇవ్వకండి, తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. దీంతోపాటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష సీరం క్రియాటినిన్ కూడా. కిడ్నీ దెబ్బతిని ఉంటే అదనపు ప్రొటీన్ దానిపై భారం పెంచుతుంది. పౌడర్ వద్దన్నది అందుకే. పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం మామూలుగానే తినండి.

గ్లోబ్యులిన్ పెరగడాన్ని కిడ్నీ ఒక్కటే వివరించలేదు. షుగర్‌తో వచ్చే ఫ్యాటీ లివర్ ముదిరి సిరోసిస్‌గా (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) మారితే ఆల్బుమిన్ తగ్గి గ్లోబ్యులిన్ పెరుగుతుంది. అప్పటికీ కాలేయ ఎంజైమ్ ఎస్‌జీపీటీ నార్మల్‌గానే ఉండొచ్చు, దాన్ని చూసి ఊరట పడకూడదు. ప్లేట్‌లెట్లు, పీటీ–ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష), హెపటైటిస్ బి, సి పరీక్షలు, పొట్ట అల్ట్రాసౌండ్ అవసరం. టీబీ, కీళ్లవాతం వంటి దీర్ఘకాలిక జబ్బుల్లోనూ గ్లోబ్యులిన్ పెరుగుతుంది.

మీ వయసులో సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రొటీన్లను రకాలుగా విడదీసి గ్రాఫ్‌లో చూపే పరీక్ష) తప్పక చేయించాలి. గ్రాఫ్‌లో గామా భాగం వెడల్పుగా ఉబ్బితే ఇన్ఫెక్షన్, కాలేయ జబ్బుల వైపు చూస్తాం. సన్నగా, నిటారుగా ఒకే శిఖరం లేస్తే దాన్ని ఎం బ్యాండ్ అంటారు. అది కనిపిస్తే మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్) ఉందేమో తేల్చుకోవాలి. హిమోగ్లోబిన్, క్యాల్షియం కూడా చూడాలి. ఆల్బుమిన్ తగ్గినప్పుడు క్యాల్షియం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది: 4 నుంచి తగ్గిన ప్రతి గ్రాముకూ 0.8 కలపాలి. మీకు 9.8 వస్తే నిజానికి అది దాదాపు 10.7 అన్నమాట.

ఇక వాపు. 2.9 ఆల్బుమిన్‌తోనే పాదాలు వాయడం అరుదు. బీపీకి అమ్లోడిపిన్ వాడుతుంటే అదే కారణం కావచ్చు, డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపకండి. పడుకుంటే ఆయాసం వచ్చినా, పొట్ట ఉబ్బుతున్నా, మూత్రం తగ్గినా రిపోర్టుల కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.